మొక్క నాటి, లెక్క రాసిన మనిషి: ఆల్డో లియోపోల్డ్

సావనీర్‌కి ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు నాకు ముందుగా జ్ఞాపకం వచ్చింది, నేను ఇక్కడ చదువుకునే రోజుల్లో ఇదే సావనీర్‌లో అచ్చయిన ఒక ఫోటో. వనమహోత్సవం నాటి ఫోటో అది. చేతిలో గునపం పట్టుకుని మొదటి వరసలో నేనున్నాను. ఆ రోజు కళాశాల వెనక ఖాళీ స్థలంలో మేం ఎన్.ఎస్.ఎస్. వాలంటీర్లం రెండువందల మొక్కలు నాటాం. అతిథిగారు ఒక మొక్కకి నీళ్లు పోశారు. టిఫిన్ పొట్లాలు పంచారు. ఫోటో కింద రెండువందల మొక్కలు అని వేశారు కూడా. మరుసటి ఎండాకాలానికి వాటిలో ఎన్ని బతికాయో నేను చూడలేదు. చూడాలని తోచనూ లేదు. వృక్షశాస్త్రం చదువుతున్నవాణ్ణి, నాకే తోచలేదు!

చాలా ఏళ్ల తరవాత, ఇక్కడే లెక్చరర్‌గా చేరాక, లైబ్రరీలో ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ అనే పుస్తకం చేతికొచ్చింది. రాసినవాడు ఆల్డో లియోపోల్డ్ అనే అమెరికన్ ప్రొఫెసరు. అందులో ఒక పిట్టల లెక్క ఉంది. చికడీ అనే చిన్న పిట్టల్ని చలికాలంలో తన పొలంలో పట్టి, కాలికి నంబరు వేసిన చిన్న కడియం తొడిగి వదిలేవాడాయన. పదేళ్లలో అట్లా 97 పిట్టలు. వాటిలో 67 రెండో చలికాలానికి మరి కనబడలేదు. అయిదు చలికాలాలు గడిపింది ఒక్కటంటే ఒక్కటే. దాని నంబరు 65290. ఒక పిడికెడు పిట్ట విషయంలో ఇంత పట్టింపు ఉన్న మనిషిని చూసేసరికి నా రెండువందల మొక్కలు గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పట్నుంచీ ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఆ చదివినదాంట్లోంచి ఈ నాలుగు మాటలు.

లియోపోల్డ్ 1887 జనవరి 11న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో బర్లింగ్టన్ అనే ఊళ్లో పుట్టాడు. మిసిసిపీ నది ఒడ్డు ఊరు అది. తండ్రికి రాతబల్లలు తయారుచేసే వ్యాపారం. వేటంటే ఆ తండ్రికి మహా ఇష్టం. కాని ఇన్నిటికి మించి కొట్టకూడదని, ఫలానా కాలంలో కొట్టకూడదని చట్టాలు రాకముందే తనకు తానే హద్దులు పెట్టుకున్న మనిషి. పిల్లవాడు ఆయన వెంట బురదల్లో తిరుగుతూ పెరిగాడు. పిట్టల పేర్లు పుస్తకంలో రాసుకోవటం చిన్నప్పుడే అబ్బింది. పై చదువులకు తూర్పు రాష్ట్రాలకు వెళ్లి, యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం చదివి, 1909లో పట్టా పుచ్చుకుని అటవీశాఖలో చేరాడు.

ఆ రోజుల్లో ఆరిజోనా ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. అక్కడి అపాచీ జాతీయ అరణ్యంలో కలప ఎంతుందో కొలిచే బృందానికి ఈ కుర్రాణ్ణి నాయకుణ్ణి చేశారు. గుర్రం, తుపాకి, కొత్త బూట్లు, ఇరవై రెండేళ్ల వయసు. ఆ కొలతల్లో తప్పులు దొర్లాయి. కింద పనిచేసేవాళ్లు తిట్టుకున్నారు, ఫిర్యాదులు వెళ్లాయి. లెక్కకి ప్రసిద్ధుడైన మనిషి మొదటి లెక్కే తప్పాడన్నమాట. మా విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో బిక్కమొహం వేసినప్పుడల్లా నేనీ సంగతి చెబుతుంటాను.

ఆ సంవత్సరమే ఇంకొకటి జరిగింది. కొండ చరియ మీద కూర్చుని భోజనం చేస్తుండగా కింద ఏరు దాటుతూ ఒక తోడేలు, దాని పిల్లలు కనబడ్డాయి. ఆయనా తోటివాళ్లూ తుపాకులు ఖాళీ అయ్యేదాకా కాల్చారు. అప్పటి ఆలోచన మహా తేలిక: తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయి, జింకలు పెరిగితే వేటగాళ్లకి పండగ. తరవాత పదేళ్లూ లియోపోల్డ్ ఈ మాటనే ప్రచారం చేశాడు. సంఘాలు పెట్టించాడు, పత్రిక నడిపాడు, తోడేళ్లను, కొండ సింహాలను చివరిదాకా తుడిచిపెట్టాలని రాశాడు. ఈ భాగాన్ని దాచిపెట్టి ఆయన్ని ఋషిలా చూపించే వ్యాసాలు చాలా ఉన్నాయి. అది న్యాయం కాదు, ఆయనే దాచుకోలేదు కనక.

మధ్యలో 1912లో న్యూ మెక్సికో వంశాల అమ్మాయి ఎస్టెల్లా బెర్జెరెను పెళ్లాడాడు. మరుసటి ఏడు అడవిలో వానలో, చలిలో చిక్కుకుపోయి మూత్రపిండాల జబ్బుతో చావు దగ్గరికి వెళ్లొచ్చాడు. ఏడాదికి పైగా మంచం, విశ్రాంతి. 1924లో ఆయన పట్టుదల మీద గిలా అడవుల్లో సుమారు ఏడున్నర లక్షల ఎకరాలు రోడ్లు వెయ్యని ప్రాంతంగా అటవీశాఖ విడిచిపెట్టింది. ఆ ఏడే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ పట్టణానికి బదిలీ అయి వచ్చాడు. కలప మీద పరిశోధన చేసే ప్రయోగశాలలో ఉద్యోగం. ఆయనకది సరిపడలేదు. చెట్టు కొట్టాక ఏం చెయ్యాలన్నది వాళ్ల పని, కొట్టకముందు సంగతి ఈయన ధ్యాస. 1928లో ఉద్యోగం వదిలేశాడు. అయిదుగురు పిల్లల తండ్రి!

ఆ తరవాత చేసిన పనే నా దృష్టిలో ఆయన జీవితానికి మలుపు. తుపాకి గుళ్ల తయారీదార్ల సంఘం ఇచ్చిన డబ్బుతో రాష్ట్రం తరవాత రాష్ట్రం తిరిగి, ఎక్కడ ఏ జంతువులు, పక్షులు ఎంత ఉన్నాయి, ఎందుకు తగ్గాయి అని సర్వే చేశాడు. రైతుల్ని అడిగాడు, పొలాల గట్లు తొక్కాడు. బాబ్‌వైట్ అనే పక్షి ఉంది, మన పూరేడు పిట్టలాంటిది. వేటగాళ్లు చంపటం వల్లనే అది తగ్గిందని అందరూ అనుకునేవారు. ఈయన చూసింది వేరు. ఆ పిట్టకి తిండికి చేను కావాలి, గూటికి గడ్డి కావాలి, దాక్కోవటానికి పొదలు కావాలి, ఎండకీ మంచుకీ కాస్త చెట్ల నీడ కావాలి. నాలుగూ ఉంటే చాలదు, నాలుగూ ఒకచోట కలవాలి. నూరెకరాల చేను ఒక పక్క, నూరెకరాల అడవి ఇంకో పక్క ఉంటే ఆ రెండూ కలిసే అంచు ఒక్కటే. అదే నేలని చిన్న ముక్కలుగా కలగలిపితే అంచులు ఎన్నో. మొత్తం విస్తీర్ణం మారలేదు, అమరిక మారింది, పిట్టలు పెరిగాయి. నేల మీద ఏది ఎక్కడ ఉండాలన్నది కూడా ఒక విద్యే అని దీన్నిబట్టి తేలింది. రైతు చేను గట్టు చివర ఒక మూల పొదల్ని కొట్టకుండా వదిలితే ఏమొస్తుందో అంకెల్లో చెప్పగలిగిన మొదటి తరం మనిషి ఈయన. 1933లో వచ్చిన ‘గేమ్ మేనేజ్‌మెంట్’ అనే పుస్తకం ఈ విద్యకి పాఠ్యగ్రంథమయింది. ఆ ఏడే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయన కోసం ఒక ప్రొఫెసర్ పదవి సృష్టించింది. తమాషా ఏమిటంటే దాన్ని పెట్టింది వ్యవసాయ ఆర్థికశాస్త్ర శాఖలో.

పుస్తకం రాసి ఊరుకోలేదు. మాడిసన్‌కి దగ్గర్లో రైలీ అనే చోట 1931 నుంచే కొందరు రైతుల్ని, కొందరు పట్నవాసుల్ని కలిపి ఒక సహకార ఏర్పాటు చేశాడు. నేల రైతులది, ఖర్చులో సాయం పట్నంవాళ్లది. పొదలు పెంచటం, చలికాలం మేత పెట్టటం, ఏటా పక్షుల్ని లెక్కపెట్టటం. ఈ చివరిది లేకపోతే మొదటి రెండూ పనిచేస్తున్నాయో లేదో తెలిసే మార్గం లేదని ఆయన పట్టు.

ఇక విశ్వవిద్యాలయంలో మనందరం తెలుసుకోవలసిన సంగతి. 1934 జూన్‌లో వింగ్రా సరస్సు ఒడ్డున ఆర్బరేటమ్‌ను ప్రారంభించారు. ఆర్బరేటమ్ అంటే మామూలుగా ఏమిటి? దేశదేశాల చెట్లు తెచ్చి, వరసగా నాటి, పేరు పలక తగిలించటం. లియోపోల్డ్, ఆయన తోటి వృక్షశాస్త్రజ్ఞులు ఇంకో దారి పట్టారు. తెల్లవాళ్ల నాగలి పడకముందు విస్కాన్సిన్ నేల ఎట్లా ఉండేదో దాన్ని తిరిగి చేసి చూపిద్దామన్నారు. విడి చెట్లు కాదు, చెట్టూ గడ్డీ పువ్వూ కలిసిన మొత్తం సమాజం. అప్పట్లో ఇది పిచ్చి ఆలోచన. కాపాడటం అంటే అందరికీ తెలుసు, పోయినదాన్ని మళ్లీ నిర్మించటం ఎవరూ చేసినది కాదు.

ఆ స్థలంలో 60 ఎకరాలకు పైబడిన పాత సేద్యపు భూమి ఒకటి ఉంది. దున్ని, మేపి, వదిలేసిన నేల. అక్కడ పూర్వపు ప్రయరీ గడ్డినేలను తిరిగి లేపాలని వృక్షశాస్త్ర ఆచార్యుడు నార్మన్ ఫాసెట్ ప్రతిపాదన. అది ఆర్థికమాంద్యం కాలం, పని లేని కుర్రాళ్లు వేలకు వేలు. ప్రభుత్వం వాళ్లకి పని కల్పించేందుకు పెట్టిన శిబిరం 1935లో ఇక్కడికి వచ్చింది. 1936 నుంచి థియోడర్ స్పెర్రీ అనే యువశాస్త్రజ్ఞుడి కింద ఆ కుర్రాళ్లు ఎక్కడెక్కడో రైలుపట్టాల పక్కన, శ్మశానాల అంచున మిగిలిన పాతగడ్డి కోసం వెతికి, మట్టి పెళ్లలతో సహా పెకలించి, లారీల్లో తెచ్చి ఇక్కడ అతికారు. విత్తనాలు జల్లారు. ఎక్కడ ఏ జాతి పెట్టారో పటం గీశారు.

అయినా మొదట్లో సీమగడ్డిదే పైచెయ్యి అయింది. నాటినవి దాని కింద నలిగిపోయాయి. అప్పుడు జాన్ కర్టిస్ అనే ఆచార్యుడు చిన్న చిన్న మళ్లు కట్టి, కొన్నిటికి నిప్పు పెట్టి, కొన్నిటికి పెట్టకుండా, ఏ మడిలో ఏ మొక్క ఎంత ఉందో ఏటా లెక్కపెట్టాడు. కాల్చిన మళ్లలో సీమగడ్డి వెనక్కి తగ్గింది, పాత ప్రయరీ మొక్కలు లేచాయి. ప్రయరీకి నిప్పు శత్రువు కాదు, నీళ్లలాగే దాని అవసరమని ఈ లెక్కతో తేలింది. అటవీశాఖలో నిప్పు కనబడితే ఆర్పటమే ధర్మంగా పెరిగిన లియోపోల్డ్‌కి ఇది మింగుడు పడాలంటే ఎంత మారి ఉండాలో ఊహించండి. ఆ నేలకి తరవాత కర్టిస్ పేరే పెట్టారు. మనుషులు తిరిగి నిర్మించిన ప్రయరీల్లో అన్నిటికన్నా పాతది అదేనంటారు.

1935 చివర్లో మూడు నెలలు జర్మనీ వెళ్లాడు, అక్కడి అడవుల పద్ధతి చూడటానికి. చక్కగా వరసల్లో నిలబెట్టిన స్ప్రూస్ చెట్లు, తొట్లలో మేత పెట్టి పెంచే జింకలు. కింద గడ్డి లేదు, పువ్వు లేదు, పొద లేదు. అంతా జింకలు తినేశాయి, లేదా నీడకి చచ్చింది. చూడటానికి శుభ్రంగా ఉంది, బతుకు లేదు. పచ్చగా ఉన్నంత మాత్రాన అడవి కాదని ఆయనకి అక్కడ తెలిసొచ్చింది. నీలగిరి తోటని అడవి అనుకునే మన అలవాటు ఇది చదువుతున్నప్పుడు నాకు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది?

జర్మనీకి వెళ్లకముందే, ఆ ఏడు మొదట్లో, విస్కాన్సిన్ నది పక్కన బరాబూ ఊరి దగ్గర 80 ఎకరాల పొలం ఒకటి సంపాదించాడు. పొలం అంటే మాట వరసకి. ఇసక నేల, సారమంతా పోయింది, ఇల్లు కాలిపోయింది, ఉన్నదొక్క కోళ్ల కొట్టం, దాన్నిండా పెంట. వారం వారం కుటుంబం మొత్తం మాడిసన్ నుంచి వచ్చి, ఆ కొట్టాన్ని కడిగి, పొయ్యి కట్టి, బల్లలు చేసి అందులోనే మకాం పెట్టారు. ఆ కోళ్ల కొట్టం తరవాత లోకప్రసిద్ధమయింది.

1936 వసంతంలో పైన్ మొక్కలు వేలకొద్దీ నాటారు. ఆ వేసవి అమెరికా చరిత్రలోనే పెద్ద కరువుల్లో ఒకటి. దాదాపు మొత్తం ఎండిపోయాయి. ఎన్ని పోయాయో లెక్క రాసుకున్నాడు. మళ్లీ ఏడు మళ్లీ నాటాడు. అట్లా పన్నెండేళ్లపాటు ఏటా, మొత్తం నలభై వేలకు పైగా చెట్లు. పైన్ ఒక్కటే కాదు, ఓక్ చెట్లు, పొదలు, ప్రయరీ పూలమొక్కలు. మొక్క నాటినవాళ్లందరూ గొప్పవాళ్లయితే మన దేశంలో గొప్పవాళ్లకి కొదవ ఉండదు. ఈయన రెండోది చేశాడు. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, కాఫీ కూజా, నోటు పుస్తకం పట్టుకుని కొట్టం ముందు బెంచీ మీద కూర్చునేవాడు. ఏ పిట్ట ముందు కూసింది, ఎన్ని గంటలకి కూసింది, అప్పుడు వెలుతురు ఎంత ఉంది. వెలుతురు కొలిచే మీటరు దగ్గర పెట్టుకుని మరీ రాసేవాడు. ఏ పువ్వు ఏ తేదీన పూసింది, సరస్సు మంచు ఎప్పుడు కరిగింది, అడవి బాతులు దక్షిణాన్నించి ఎప్పుడు తిరిగొచ్చాయి, అన్నీ రాశాడు. 1935 నుంచి 1945 దాకా పదకొండేళ్ల ఈ తేదీలను తన శిష్యురాలు శారా ఎలిజబెత్ జోన్స్‌తో కలిసి 1947లో పెద్ద పరిశోధన వ్యాసంగా అచ్చువేశాడు. జీవవైవిధ్యం అనే మాట వాడుకలోకి వచ్చింది 1980లలో. ఆ మాట పుట్టక ముందే దాన్ని కొలిచే పని ఈ బెంచీ మీద జరిగింది.

ఇక జింకల గొడవ. తోడేళ్లు పోయాక విస్కాన్సిన్ ఉత్తర అడవుల్లో జింకలు విపరీతంగా పెరిగి, చిగుళ్లన్నీ తినేసి, చలికాలంలో ఆకలితో చావటం మొదలుపెట్టాయి. లియోపోల్డ్ రాష్ట్ర కమిషన్‌లో సభ్యుడయ్యాడు. ఆడజింకల్ని కూడా వేటాడనివ్వాలి, మంద తగ్గాలి అన్నాడు. 1943లో అట్లా అనుమతిస్తే లక్షా పాతిక వేలకు పైగా జింకలు చచ్చాయి. ప్రజలు భగ్గుమన్నారు. ఆయన్ని తిట్టటానికే అన్నట్టు ఒక పత్రిక వెలిసింది. ఆరిజోనాలో ఒకప్పుడు జింకలు పెంచాలని తోడేళ్లని చంపించినవాడే, ఇక్కడ జింకల్ని చంపమని జనాన్ని బతిమాలుకుంటున్నాడు.

ఒక మాట ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. జింకలు విరగబడి పెరిగి కూలిపోవటానికి ఉదాహరణగా ఆయన చూపిన కైబాబ్ పీఠభూమి అంకెలు గట్టి లెక్కలు కావు, అంచనాలు. 1970లో ఒక న్యూజిలాండ్ శాస్త్రజ్ఞుడు వాటిని గట్టిగా ప్రశ్నించాడు. ఇతరుల అంకెల మీద ఆధారపడినచోటే లియోపోల్డ్ తప్పటడుగు వేశాడనిపిస్తుంది నాకు.

ఈ గొడవ మధ్యలోనే ఆయన తన వ్యాసాలను పుస్తకంగా తేవాలని చూస్తున్నాడు. బొమ్మలు వెయ్యవలసినవాడు ఆల్బర్ట్ హోక్‌బామ్, ఆయన శిష్యుడే, కెనడాలో బాతుల మీద పరిశోధన చేస్తున్నాడు. ఆ శిష్యుడు వ్యాసాలు చదివి, గురువుగారికి మొహమాటం లేకుండా ఉత్తరాలు రాశాడు. అందరి తప్పులూ చూపిస్తున్నారు, ఒకప్పుడు తోడేళ్లని చంపించినవాళ్లలో మీరూ ఉన్నారు కదా, అది ఎక్కడా కనబడదేం అని వాటి సారాంశం. గురువు ముందు సర్ది చెప్పబోయాడు. శిష్యుడు వదల్లేదు. చివరికి 1944లో కూర్చుని, 1909 నాటి ఆ కొండ చరియ, ఆ ఏరు, తాను కాల్చిన ఆ తోడేలు, అన్నీ రాశాడు. ఆయన రచనల్లో ఇవాళ లోకం ఎక్కువగా చదివేది ఆ వ్యాసమే. మనలో ఎంతమంది లెక్చరర్లం అట్లాంటి ఉత్తరం అందుకుని జవాబు రాస్తాం? మనలో ఎంతమంది విద్యార్థులు అట్లాంటి ఉత్తరం రాస్తారు? నాకిప్పటిదాకా ఒక్కటీ రాలేదు, రాకపోవటం నా గొప్ప కాదని మాత్రం తెలుసు.

పుస్తకాన్ని ఒకరి తరవాత ఒకరు ప్రచురణకర్తలు తిప్పిపంపారు. 1948 ఏప్రిల్ 14న ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఒప్పుకున్నారని ఫోను వచ్చింది. వారం తిరక్కుండా, 21వ తేదీన, పొరుగు రైతు పొలంలో గడ్డి అంటుకుంది. ఆ మంటలు తమ పైన్ తోటవైపు రాకుండా ఆర్పబోయి, గుండె ఆగి, ఆ గడ్డిలోనే పడిపోయాడు. 61 ఏళ్లు. పుస్తకం 1949లో కొడుకు లూనా చేతుల మీదుగా వచ్చింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1960ల చివర, 1970లలో చవక ప్రతులు వచ్చాక లక్షలమంది చదివారు.

నోటు పుస్తకాల కథ అక్కడితో అయిపోలేదు. కూతురు నీనా 1976లో భర్తతో ఆ పొలానికి తిరిగొచ్చి, తండ్రి ఆపినచోటునుంచి తేదీలు రాయటం మొదలుపెట్టింది. తండ్రివీ తనవీ కలిపి 61 ఏళ్ల కాలాన్ని పరిశీలించి, తోటివాళ్లతో కలిసి 1999లో ప్రకటించింది. పూలు పూయటం, పక్షులు రావటం వంటి 55 సంఘటనలు తీసుకుని చూస్తే సగటున ఏడాదికి 0.12 రోజు చొప్పున ముందుకు జరుగుతున్నాయి. అంటే పదేళ్లకి ఒక రోజుకి పైగా. భూమి వేడెక్కుతున్నదని ఒక కోళ్ల కొట్టం ముందు బెంచీ సాక్ష్యం చెప్పిందన్నమాట. రాస్తున్నప్పుడు ఆయనకి ఆ ఊహే లేదు. 2012లో స్టాన్ టెంపుల్ అనే ఆచార్యుడు, క్రిస్ బోకాస్ట్ అనే ధ్వనినిపుణుడు కలిసి, ఆ తెల్లవారుజాము లెక్కల ప్రకారం ఏ పిట్ట ఎప్పుడు ఎక్కణ్ణించి కూసిందో అదే వరసలో పిట్టల కూతలు పేర్చి, 1940 నాటి ఉదయాన్ని తిరిగి వినిపించారు. ఇప్పుడు అదే చోట కూర్చుంటే హైవే మీద బండ్ల రొద వినిపిస్తుంది.

గత జూన్‌లో మా రెండో సంవత్సరం విద్యార్థులు పదిమందిని వెంటబెట్టుకుని కళాశాల వెనక్కి వెళ్లాను. మేం నాటిన రెండువందల్లో 23 ఉన్నాయి: 14 కానుగ, 7 వేప, 2 నేరేడు. చుట్టుకొలతలు తీసుకుని, నంబర్లు వేసి, డిపార్ట్‌మెంట్‌లో ఒక రిజిస్టరు తెరిచాం. కానుగ ఎప్పుడు పూస్తుంది, వాటి మీద ఏ పిట్టలు వాలుతున్నాయి అన్నది వారానికొకసారి రాస్తున్నారు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. హాస్టలు గోడ వెంబడి ఉన్న పాత వేపచెట్లు ఏ సంవత్సరంలో నాటారో కాలేజీ రికార్డుల్లో ఎక్కడా లేదు. పూర్వ విద్యార్థుల్లో ఎవరికైనా, తాము ఉన్నప్పుడు అవి ఎంత ఎత్తుండేవో జ్ఞాపకముంటే, వాటి ముందు నిలబడి తీయించుకున్న పాత ఫోటో దొరికితే, వృక్షశాస్త్ర శాఖకి ఒక కార్డు ముక్క రాయండి. ఫోటో తీసిన సంవత్సరం తప్పకుండా వెయ్యండి.